కుక్కపిల్ల పాదం – జిడ్డుకు జిడ్డే విరుగుడు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సాబ్, ఈసారి మీరు కాసేపు మాట్లాడాలి, విషయం మీ ఇష్టం" అన్నారు. నాకంటే ముందు మాట్లాడినవారు పెన్షన్ గురించి, ఇ.సి.హెచ్.ఎస్. వైద్యం గురించి, పిల్లల చదువుల గురించి ఎంతో ఉపయోగపడే సంగతులు చెప్పారు. నేను చెప్పబోయేది వింటే మీకు నవ్వొస్తుంది. కుక్కపిల్ల కాలికి తారో, బంకో, పనస జిగురో అంటుకుంటే దాన్ని ఎలా శుభ్రం చెయ్యాలి – ఇదీ నా విషయం. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో కూడా నవ్వారు. "28 ఏళ్లు సర్వీసు చేసి నలుగురిలో చెప్పేది ఇదా?" అని మా ఆవిడ అడిగింది. ఇదే. ఎందుకంటే ఈ ఒక్క సంగతి తెలియక నేను ఒక మూగజీవి ప్రాణం తీశాను. ఆ మాట ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1996 మే నెల. అప్పుడు నేను నాయక్‌ని, డ్రైవర్ ట్రేడ్. ఇప్పటి ఉత్తరాఖండ్, అప్పటికి ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్న పితోర్‌గఢ్ జిల్లాలో మా డిటాచ్‌మెంట్ ఉండేది. లంగర్ దగ్గర రొట్టె ముక్కలకు అలవాటుపడ్డ ఒక భోటియా కుక్క పిల్లల్ని పెట్టింది. అందులో ఒకటి నల్లటిది, కళ్ల మీద గోధుమరంగు చుక్కలు. దానికి భోలా అని పేరు పెట్టుకున్నాం. రెండు నెలల పిల్ల. నేను బండి స్టార్ట్ చేస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

మా క్యాంపు పక్కనే రోడ్డు పని జరుగుతుండేది. తారు డ్రమ్ములు వరసగా పెట్టి ఉండేవి. ఒక మధ్యాహ్నం ఎండకు ఒక డ్రమ్ములోంచి తారు కారి చిన్న మడుగు కట్టింది. భోలా అందులో కాలు పెట్టింది. ముందుకాళ్లు రెండూ, ఒక వెనక కాలూ నల్లగా మెత్తుకుపోయాయి. రాళ్లు, గడ్డి అన్నీ అంటుకుని నడవలేక కుంటుతూ నా దగ్గరికే వచ్చింది.

ఎం.టి. షెడ్డులో పనిచేసినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. చేతికి గ్రీజు అంటితే డీజిల్ పెట్టి తుడుచుకుంటాం, లేదంటే కిరసనాయిలు. నేనూ అదే చేశాను. స్టవ్ కోసం ఉంచిన కిరసనాయిలు ఒక మగ్గులో తెచ్చి, కాటన్ వేస్టు ముంచి, మూడు కాళ్లూ రుద్దాను. అయిదు నిమిషాల్లో తారు పోయింది. చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అన్నారు. నేను చేతులు కడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాను. పిల్ల కాళ్లు మాత్రం కడగలేదు.

అది లంగర్ వెనక కూర్చుని కాళ్లు నాక్కుంది. కుక్క చేసే పనే అది. రాత్రికి నోటివెంట చొంగ, వాంతి. లోపలికి పోయింది బయటికి రావాలని నేను ఉప్పునీళ్లు కలిపి గొంతులో పోశాను. ఇది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. తెల్లారేసరికి పిల్ల రొప్పుతోంది, దగ్గుతోంది. వేళ్ల సందులన్నీ ఎర్రగా కమిలి బొబ్బలెక్కాయి. రేషన్ బండిలో ఒళ్లో పెట్టుకుని కింద ఉన్న డాగ్ యూనిట్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. వాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు. మూడో రోజు పొద్దున అది చనిపోయింది. కాళ్లకు తారు మాత్రం ఎక్కడా లేదు, శుభ్రంగా ఉన్నాయి.

అక్కడ డాగ్ హ్యాండ్లర్‌గా మన శ్రీకాకుళం జిల్లా హవల్దార్ ఒకాయన ఉండేవారు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను తిట్టలేదు. "ఏటి రాసినావు తమ్ముడూ?" అన్నారు. కిరసనాయిలు అన్నాను. కాసేపు ఊరుకున్నారు. "మీ ఇంట్లో పనసకాయ కోసినప్పుడు మీ అమ్మ చేతికి ఏటి రాసుకుంటాది?" అని అడిగారు. నూనె అన్నాను. "అదే మరి. మనిషి చేతికి నూనె, కుక్క కాలికి కిరసనాయిలా?" అన్నారు. అంతే. నాకు తెలియని విషయం కాదది. మా అమ్మ నా కళ్లముందే వందసార్లు చేసిన పని. తొందరలో గుర్తుకు రాలేదు.

మిత్రులారా, ఆ తర్వాత ఆయన దగ్గరా, పశువైద్యుల దగ్గరా అడిగి తెలుసుకున్నది, నా చేత్తో నేను చేసి చూసుకున్నది ఇప్పుడు మీకు చెబుతాను.

ముందు కిరసనాయిలు ఎందుకు వద్దో చూద్దాం. మనం చెప్పులు వేసుకుంటాం, చేతులు కడుక్కుంటాం. కుక్క కాలికి ఏది అంటినా అది చివరికి నోట్లోకే పోతుంది. కాబట్టి కుక్క పాదానికి మనం రాసేది ఏదైనా దానికి తినిపిస్తున్నట్టే లెక్క. కిరసనాయిలు, పెట్రోలు, డీజిల్, టర్పెంటైను, పెయింటు థిన్నరు, గోళ్ల రంగు తీసే ద్రవం – ఇవేవీ కుక్క కాలికి తగలకూడదు. ఇవి చర్మంలో ఉండే సహజమైన నూనెను లాగేసి కాలిన గాయంలాంటి పుండు చేస్తాయి. పాదం అడుగున మెత్త గట్టిగా కనిపించినా వేళ్ల సందున చర్మం చాలా పలచన. పిల్లల్లో మెత్త కూడా లేతగానే ఉంటుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఊపిరితిత్తులకు. కిరసనాయిలు పలచగా, తేలిగ్గా పాకే పదార్థం. మింగేటప్పుడు గాని, వాంతి అయ్యేటప్పుడు గాని ఒకటి రెండు చుక్కలు శ్వాసనాళంలోకి జారితే చాలు, ఊపిరితిత్తులు వాచి న్యుమోనియా వస్తుంది. అందుకే ఇలాంటివి మింగిన కుక్కకు మనంతట మనం వాంతి చేయించకూడదు. కడుపులో ఉన్నదాన్ని మళ్లీ గొంతుదాకా తెచ్చి ఊపిరితిత్తుల్లోకి పంపినట్టవుతుంది. ఉప్పునీళ్లు అసలే పొయ్యకూడదు. ఆ ఉప్పే చిన్నపిల్లకు విషమవుతుంది. నేను ఈ రెండూ చేశాను.

ఇక చెయ్యవలసింది. మొదటి పని నాకనివ్వకుండా చూడటం. ఒకరు పిల్లను తువ్వాలులో చుట్టి ఒళ్లో పట్టుకోవాలి, ఇంకొకరు పని చెయ్యాలి. ఒక్కరే ఉంటే పాత పసిపిల్లల సాక్సు కాలికి తొడిగి, సాయం వచ్చేదాకా దగ్గరే కూర్చోవాలి. పిల్ల భయపడి ఉంటుంది. గట్టిగా అరవకండి. పిల్లల్ని దూరం పంపండి.

రెండో పని, అంటుకున్నది ఏమిటో చూడటం. మనం వర్క్‌షాపులో బండిని చూడకుండానే పానా పట్టుకోం కదా. మనం చూసే జిగురు సాధారణంగా మూడు రకాలు. నీళ్లకు కరిగేది – బెల్లం పాకం, తేనె, స్వీటు పాకం, గంజి, చెక్కపనికి వాడే తెల్లటి ఫెవికాల్ తడిగా ఉన్నప్పుడు. నూనెకు లొంగేది – తారు, పనస పాలు, మర్రి పాలు, ఎలుకల బంక, స్టిక్కర్ల జిగురు, చూయింగ్ గమ్. ఇక మూడోది గడ్డకట్టిపోయేది – ఎండిపోయిన ఆయిల్ పెయింటు, ఫెవిక్విక్ లాంటివి. మొదటి రకానికి గోరువెచ్చటి నీళ్లు చాలు. నీళ్ల వేడి మణికట్టు లోపలి వైపు చూసుకోండి, పసిబిడ్డకు స్నానం పోసేముందు చూసినట్టు. అంటుకున్నది ఏమిటో తేలకపోతే ముందు గోరువెచ్చటి నీళ్లతోనే మొదలుపెట్టండి.

రెండో రకానికి వంటింట్లో నూనె. కొబ్బరినూనె, వేరుశెనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె, ఏదైనా సరే. చలి ప్రాంతాల్లో కొబ్బరినూనె గడ్డకడుతుంది, అరచేతిలో వేసుకుని కరిగించి రాయండి. ఉత్తరాదిలో ఉండే మన తమ్ముళ్లకు ఒక మాట. అక్కడ వంటింట్లో ఆవనూనె ఉంటుంది. దాని ఘాటు కమిలిన చర్మం మీద మంట పుట్టిస్తుంది. అది కాకుండా రిఫైన్డ్ నూనె వాడండి. నీలగిరి తైలం కూడా వద్దు. మనుషుల బట్టల మీద జిగురుకు అది పనిచేస్తుంది గాని కుక్క నాకితే విషం. టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిసిన తైలాలు, నొప్పులకు రాసుకునే బామ్‌లు, అన్నీ ఆ కోవలోవే.

పాదానికి ఒకటి రెండు చెంచాల నూనె పట్టించండి. జిగురు మీదే కాదు, దాని అంచుల చుట్టూ, వెంట్రుకల మొదళ్ల దాకా. ఆ తర్వాత కష్టమైన పని ఒకటుంది. ఏమీ చెయ్యకుండా అయిదు నుంచి పది నిమిషాలు ఆగడం. మన ఫౌజీలకు అన్నిటికంటే కష్టం ఇదే. హుకుం రాగానే పని జరగాలంటాం. నూనె హుకుం వినదు. అది నిదానంగా జిగురు లోపలికి దిగాలి. ఆ తర్వాత వేళ్లతో మెల్లగా నలపండి. మెత్తబడింది మెత్తబడినట్టు పాత బనీను గుడ్డతో తుడిచెయ్యండి. గుడ్డ మార్చండి, లేకపోతే తీసిందే మళ్లీ పూస్తాం. మళ్లీ నూనె, మళ్లీ ఆగడం. మూడు నాలుగు సార్లు పట్టవచ్చు. ఒక పూటలో మొత్తం పోకపోతే కొంపేమీ మునిగిపోదు. నాకనివ్వకుండా చూసుకుని సాయంత్రం మళ్లీ చెయ్యండి.

జిగురు పోయాక నూనె మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే రెండు ఇబ్బందులు. నాకితే విరేచనాలు పట్టుకుంటాయి, గచ్చు మీద జారి పడుతుంది. ఇక్కడ మన అమ్మమ్మల పద్ధతే గొప్పది. పసిబిడ్డకు నూనె రాసి నలుగు పెట్టేవారు కదా. అలాగే ఉత్త శెనగపిండి కొంచెం చల్లి, జిడ్డు పీల్చాక దులిపెయ్యండి. ఆ తర్వాత కుక్కల షాంపూతో గాని, పసిపిల్లల షాంపూతో గాని గోరువెచ్చటి నీళ్లతో కడగండి. డెట్టాలు, ఫినాయిలు, బట్టల సోడా వద్దు. చేతికి జారుడు తగలనంతవరకు నీళ్లు పొయ్యాలి. చివరిగా తుడవడం. వేళ్ల సందుల్లో ఒక్కొక్కటీ పొడిగా ఒత్తాలి. అక్కడ తడి నిలిస్తే బూజు పట్టి పుండవుతుంది. చిన్నపిల్లకు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కాబట్టి చలికాలంలో వెంటనే గుడ్డలో చుట్టాలి.

ఇప్పుడు ఒక్కొక్క సరుకుకు ఉండే తేడాలు చెబుతాను. తారు చల్లబడి అంటుకున్నదైతే ఇప్పుడు చెప్పిన పద్ధతే. సలసల కాగే తారు మీద పడితే మాత్రం అది కాలిన గాయం. చల్లటి నీళ్లు ధారగా పొయ్యండి, ఐసు పెట్టకండి, తారును పీకకండి. పీకితే చర్మం దానితోపాటు వచ్చేస్తుంది. నీళ్లతో చల్లార్చి నేరుగా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

చూయింగ్ గమ్ అయితే ఐసు ముక్కను గుడ్డలో చుట్టి ఒకటి రెండు నిమిషాలు ఆనిస్తే గట్టిపడి ముక్కలుగా విరిగి వస్తుంది. మిగిలినదానికి నూనె. కాని ఆ గమ్ చక్కెర లేనిదని పాకెట్టు మీద రాసి ఉందేమో చూడండి. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండవచ్చు. మనిషికి ఏమీ కాదు. కుక్క మింగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం కూడా చెడుతుంది. అరగంటలోనే తూలి పడిపోవచ్చు. మింగిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా బయలుదేరండి.

పెయింటు నీళ్లలో కలిపేదైతే తడిగా ఉండగానే నీళ్లు, షాంపూ. ఆయిల్ పెయింటు అయితే తడిగా ఉన్నప్పుడు గుడ్డతో అద్ది, నూనెతో తుడవండి. ఎండిపోయాక వెంట్రుకలకే అంటితే ఆ వెంట్రుకలు కత్తిరించడమే మేలు. ఫెవిక్విక్ అంటుకుంటే లాగవద్దు. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, నూనె రాసి, వచ్చినంత రానివ్వండి. మిగిలింది కొన్ని రోజుల్లో పాత చర్మంతోపాటు తనే రాలిపోతుంది. వేళ్లు రెండూ అతుక్కుపోతే వైద్యుడికి వదిలెయ్యండి.

కత్తిరించడం అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. బ్లేడు వద్దు. మొన మొండిగా ఉండే కత్తెర తీసుకుని, జిగురుకూ చర్మానికీ మధ్య దువ్వెన పెట్టి, దువ్వెనకు పైన మాత్రమే కత్తిరించాలి. వేళ్ల సందున కత్తెర పెట్టకండి. అక్కడి పలచటి చర్మం వెంట్రుకల ముద్దలాగే కనబడుతుంది.

సున్నం, తడి సిమెంటు వేరే జాతి. ఇల్లు కట్టుకునే ప్రతి పెన్షనరు వీధిలోనూ ఇది ఉంటుంది. అవి జిగురులాగే అంటుకుంటాయి గాని చర్మాన్ని కాల్చేస్తాయి. వీటికి నూనె కాదు, నిమ్మరసం కాదు, వెనిగర్ కాదు. నీళ్లు, నీళ్లు, నీళ్లు. కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగాలి.

ఎం.టి. తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుందని కుక్క ఇష్టంగా నాకుతుంది. కొంచెం పోయినా మూత్రపిండాలు పాడైపోతాయి. షెడ్డులో కారిన కూలెంట్‌లో పిల్ల కాలు పెడితే వెంటనే కడిగి, నాకినట్టు అనుమానం ఉంటే అప్పటికి హుషారుగా కనబడినా సరే డాక్టరుకు చూపించండి. కారిన చోట ఇసుక పోసి ఊడ్చేసి ఆ ఇసుకను మూత డబ్బాలో వెయ్యండి.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? కిరసనాయిలు లాంటివి నాకినట్టు తెలిసినా, దగ్గు, రొప్పు, చొంగ, వాంతి, తూలడం కనిపించినా, చర్మం ఎర్రబడి బొబ్బలు వచ్చినా, రక్తం కారినా, రెండోరోజు కూడా కుంటుతున్నా, జిగురు కంటికి గాని మూతికి గాని అంటినా ఇంట్లో ప్రయోగాలు ఆపేసి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ జిగురు డబ్బానో, గమ్ పాకెట్టో వెంట తీసుకెళ్లండి. అందులో ఏముందో చూస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

ఇంకో మాట మన క్షేమం గురించి. నొప్పితో ఉన్న పిల్ల ఎంత మంచిదైనా కరుస్తుంది, గీరుతుంది. టీకాలు పడని వీధి పిల్లయితే మరీ జాగ్రత్త. పంటి గాటు పడినా, గీరుకుపోయినా, చిన్నదే కదా అనుకోవద్దు. 15 నిమిషాలపాటు సబ్బుతో ధారగా నీళ్ల కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. ముందే వేయించుకునే టీకా ఒక్కటే దారి.

పెద్దలారా, శుభ్రం చెయ్యడం కంటే ముందు చూసుకోవడం సులువు. రూట్ మార్చ్ అయ్యాక ఫుట్ ఇన్‌స్పెక్షన్ ఉంటుందని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. బూట్లు విప్పించి, సాక్సులు తీయించి, సెక్షన్ కమాండర్ ఒక్కొక్క జవాను పాదం చూస్తాడు. బొబ్బ ఉందా, వేళ్ల సందున పాచిందా అని. పాదం బాగుంటేనే జవాను నడుస్తాడు. డాగ్ యూనిట్లలో కూడా ఇదే పద్ధతి. పని మీద నుంచి తిరిగి రాగానే హ్యాండ్లరు తను నీళ్లు తాగేముందు కుక్క నాలుగు కాళ్లూ ఎత్తి చూసుకోవడం నేను కళ్లారా చూశాను. మీరట్‌లో రిమౌంట్ వెటర్నరీ కోర్ సెంటర్ ఉంది. ఆ కోర్ నినాదమే పశుసేవ మన ధర్మమని. 2022 అక్టోబరులో అనంతనాగ్‌లో ఉగ్రవాదుల తూటాలు తగిలినా వెనక్కి తగ్గని జూమ్, 2023 సెప్టెంబరులో రాజౌరిలో తన హ్యాండ్లరును కాపాడి ప్రాణం విడిచిన కెంట్ – ఈ పేర్లు మనమంతా విన్నాం. ఆ కుక్కలు పరుగెత్తింది ఆ పాదాల మీదే. ఆ పాదాలను రోజూ చూసుకున్న చెయ్యి ఒకటుంది.

మన ఇంటి కుక్కకు కూడా అదే ఇన్‌స్పెక్షన్ పెట్టండి. బయటినుంచి రాగానే నాలుగు పాదాలు, అన్ని వేళ్లు, వాటి సందులు. రెండు నిమిషాల పని. దీనికి పిల్లను చిన్నప్పుడే అలవాటు చెయ్యాలి. రోజూ ఒకసారి పాదం చేతిలోకి తీసుకుని, వేళ్లు విడదీసి చూసి, వదిలేసి, ఒక బిస్కెట్ ముక్క పెట్టండి. నెల తిరిగేసరికి తనే కాలు చాపుతుంది. అలా అలవాటైన పిల్లకు తారు అంటినరోజున సగం పెనుగులాట ఉండదు. వేసవిలో మధ్యాహ్నం తారు రోడ్డు మీద తిప్పకండి. అరచెయ్యి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే అది కూడా ఓర్చుకోలేదు.

చివరిగా ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2021 వానాకాలం. సికింద్రాబాద్ దగ్గర మా కాలనీలో ఒక రిటైర్డ్ హవల్దార్ గారి ఇంట్లో సామాన్ల గదిలో ఎలుకల కోసం బంక అట్ట పెట్టారు. వాళ్ల మనవరాలు పెంచుకుంటున్న పిల్ల దాని మీదికి ఎక్కింది. ముందుకాళ్లు రెండూ, గడ్డం కిందా అతుక్కుపోయాయి. అది కేకలు పెడుతుంటే ఆ పాప ఏడుస్తూ మా గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, "తాతయ్యా, తాతయ్యా" అంటూ. నేను వెళ్లేసరికి వాళ్లబ్బాయి స్కూటర్‌లోంచి పెట్రోలు తీసిన సీసా పట్టుకుని ఉన్నాడు. నాకు ఒక్క క్షణం పితోర్‌గఢ్‌లో నా చేతిలోని మగ్గు కనబడింది.

"బాబూ, అది కింద పెట్టు. అమ్మను వంటనూనె అడుగు" అన్నాను. బంక అట్టను లాగలేదు. పిల్ల ఇంకా అతుక్కోకుండా అట్ట మీద ఖాళీగా ఉన్న జాగాలో న్యూస్‌పేపర్ ముక్కలు పరిచాను. పాదం చుట్టూ అంచు వెంబడి నూనె పోసుకుంటూ, వేలితో కొద్దికొద్దిగా లోపలికి పంపుకుంటూ వచ్చాను. గడ్డం దగ్గర నూనె నోట్లోకి, ముక్కులోకి పోకుండా గుడ్డతో అద్దాను. హవల్దార్ గారు పిల్లను పట్టుకున్నారు. మధ్యలో రెండుసార్లు "సాబ్, లాగేద్దామా?" అన్నారు. ఆగండి అన్నాను. అట్ట నుంచి విడిపించడానికే 40 నిమిషాలు పట్టింది. మిగిలిన బంక తీసి, శెనగపిండి వేసి, కడిగి, తుడిచేసరికి మరో గంట. ఒక్క చోట కూడా చర్మం ఊడలేదు. మర్నాడు డాక్టరుకు చూపిస్తే బాగానే ఉందన్నారు. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై, నేను సాయంత్రం నడకకు బయలుదేరితే గేటు దగ్గర నిలబడి తోక ఊపుతుంది.

పాప మాత్రం ఆ రోజు ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నీకిది ఎవరు నేర్పారు?" అని. శ్రీకాకుళం అన్న పేరు చెబుదామనుకున్నాను. మా అమ్మ అని చెబుదామనుకున్నాను. కాని నోటికి వచ్చింది భోలా పేరు. "భోలా ఎవరు?" అంది. మా యూనిట్‌లో ఉండేవాడమ్మా అన్నాను.

కాబట్టి మిత్రులారా, ఈ ఒక్క ముక్క ఇంటికి పట్టుకెళ్లండి. జిడ్డుకు జిడ్డే విరుగుడు, దానికి పది నిమిషాల ఓపిక కావాలి. కుక్క కాలికి రాసింది కుక్క నోట్లోకే పోతుంది. తినదగింది కాకపోతే రాయకండి. ఇది మీ పిల్లలకు, మనవలకు చెప్పండి. సర్వీసులో ఉన్న తమ్ముళ్లు మీ లంగర్ దగ్గర తిరిగే పిల్లల విషయంలో గుర్తుపెట్టుకోండి.

 జై హింద్.